ఎడారిలో జమ్మినీడ

ఎడారి యనగానే మన పాఠశాలలలో పిల్లలు గీయు బొమ్మ యొకటి కలదు. రెండు ఇసుకతిన్నెలు, ఒక ఒంటె, ఒక ఖర్జూరపు చెట్టు, పైన సూర్యుడు. కర్నూలు సీమలో పుట్టి, అచ్చటనే పాఠములు చెప్పుకొను నేనును చాలకాలము నల్లబల్లపై ఆ బొమ్మనే గీచితిని. జైసల్మేరులో రైలు దిగి థార్ ఎడారిలో కాలు పెట్టిన తరువాత గాని, అందులో చెరిపివేయవలసిన దెంత యున్నదో తెలిసిరాలేదు. నాటినుండి సెలవులు దొరకిన ప్రతి శీతకాలమును అచ్చటికి పోవుచున్నాను. దానిని మా యింటివారు "మీ రెండవ యిల్లు" అని హాస్యమాడుదురు. హాస్యమే కాని అబద్ధము కాదు.

మొదటిసారి నన్ను పలుకరించినది మనిషి కాదు, చెట్టు. ఇసుకనేలలో ఎడమెడముగా నిలిచియున్న ముండ్లచెట్లను చూచి, వీనిని నే నెరుగుదునే యనుకొంటిని. వారు ఖేజ్డీ యందురు. అది మన జమ్మియే. పాండవులు ఆయుధములు దాచిన చెట్టు. దసరానాడు మనము ఆకులు పంచుకొను చెట్టు. నేడు తెలంగాణకు రాష్ట్రవృక్షము, రాజస్థానమునకును అదియే. మనకది పండుగచెట్టు, వారికది కూడు. ఆకు మేకలకును ఒంటెలకును మేత. లేతకాయలను ఎండబెట్టి 'సాంగ్రీ' యను పేర కూర వండుదురు. దాని నీడను సజ్జపైరు చక్కగా పెరుగును. 1730లో జోధ్‌పూరు చెంత ఖేజడ్లీ గ్రామమున, రాజభవనపు సున్నపుబట్టీల కొరకు ఈ చెట్లను నరుకవచ్చిన భటుల కడ్డుపడి, అమృతాదేవి మొదలుగా 363 మంది బిష్ణోయీలు చెట్లను కౌగిలించుకొని ప్రాణములు విడిచిరి. ఈ కథ చెప్పినపుడెల్ల తరగతిలో ఎవరో ఒకరు "చెట్టు కోసమా, మాస్టారూ?" అని అడుగుదురు. అచ్చట ఒక వేసవి మధ్యాహ్నము గడపినవా డా ప్రశ్న వేయడు.

ఇక నీటి సంగతి. జైసల్మేరు ప్రాంతమున ఏడాదికి కురియు వాన సగటున 200 మిల్లీమీటర్లకు లోపు. పొలముల నడుమ నాలుగైదు మట్టియిండ్లున్న చోటును వారు 'ఢాణీ' యందురు. అట్టి యొక ఢాణీలో ఒక ముసలమ్మ నాకు చెంబుతో నీళ్లిచ్చినది. సగము త్రాగి, తక్కిన సగముతో మనయూరి అలవాటున కాళ్లు కడుగుకొంటిని. ఆమె ఏమియు ననలేదు. మరునాడు భోజనానంతరము నేను చెంబు చేతపట్టగానే, వాకిట నున్న చిన్న జమ్మిమొక్కను చూపి, "మాస్టర్‌జీ, చేతులు ఇచ్చట కడుగుకొనండి" అన్నది. ఇన్నేండ్ల ఉద్యోగములో ఏ అధికారి మందలింపును నా కంతగా తగులలేదు.

ఆ నీరు 'బేరి' నీరు. ఆ దేశమువారు నీటిని మూడు జాతులుగ చెప్పుదురు. వానగా పడి కుంటలలో నిలుచునది పాలర్ పానీ. లోతుబావులలో దొరకునది పాతాళ పానీ. అది చాలచోట్ల ఉప్పన. ఈ రెంటి నడుమ ఇసుకలో చెమ్మగా దాగియుండునది రేజాణీ పానీ. కొన్నిచోట్ల ఇసుక క్రింద జిప్సము పొర యొకటి యుండును. వానచెమ్మ దానిని దాటిపోయి అడుగున నున్న ఉప్పునీటిలో కలియలేదు. ఆ పొర తగులువరకు, మనిషి దిగుటకు చాలునంత సన్నని బావి త్రవ్వుదురు. ఇసుకలోని చెమ్మ బొట్టుబొట్టుగ ఊరి, రేయింబవళ్లకు కొన్ని కడవల నీరగును. అంతే. తొందరపడువానికి ఆ బావిలో నీరు లేదు. అనుపమ్ మిశ్ర 1995లో ప్రకటించిన హిందీ గ్రంథము 'రాజస్థాన్ కీ రజత్ బూందే' ఈ విద్యను వర్ణించును. హిందీ వచ్చిన ఉపాధ్యాయులెల్లరు చదువదగినది. ఆ జిప్సము పొరయే యొకసారి శత్రువైనది. 2006 ఆగస్టులో బాడ్‌మేరు జిల్లాను ముంచిన వరద, కవాస్ వంటి పల్లెలలో నేలలోని కింకక నెలల తరబడి నిలిచిపోయెను.

నేనచ్చటికి మరల మరల పోవుటకు మరియొక కారణము కలదు. మా సీమలోని రోళ్లపాడు గడ్డిమైదానములలో బట్టమేకపిట్ట కొరకు 1988లో అభయారణ్య మేర్పరచిరి. చదువుకొను రోజులలో నే నా పక్షి నచ్చట చూచితిని. తరువాత చుట్టునున్న గడ్డినేలలు పొలములుగ మారెను. పక్షియు దాదాపు మాయమయ్యెను. ఆ పక్షిని మరల జైసల్మేరు కావల, గడ్డిలో తల యెత్తి నడచుచుండగా చూచినపుడు, పోయిన బంధువు ఎదురైనట్లు నిలువబడిపోతిని. లోకమున మిగిలినవి ఇంచుమించు నూటయేబదికి మించవు, అందెక్కువ ఇచ్చటనే. సాధారణముగ ఒకేయొక గ్రుడ్డును వట్టినేలపై పెట్టును. బరువైన పక్షి; కన్నులు ప్రక్కల కుండుటచే ఎదుటి తీగ కానక, విద్యుత్తు తీగలకు తగిలి చచ్చుచున్నది. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ప్రాంతములలో తీగలను భూమిలో వేయుమన్నది. 2024 మార్చిలో ఆ యాజ్ఞను సవరించి నిపుణుల సంఘమునకు అప్పగించినది. సమ్ కడ 2019 నుండి గ్రుడ్లను పొదిగించి పిల్లలను పెంచుచున్నారు.

ఆ తీగలు ఎండనుండియు గాలినుండియు తీసిన విద్యుత్తును మోయునవి. దానిని వలదనుటకు నాకు నోరు రాదు. నా యింటి దీపమును విద్యుత్తుతోనే కదా వెలుగుట. నాకు బాధ కలిగించునది లెక్కల పుస్తకములోని మాట. తరతరములుగ కొమ్మయైన నరుకక దేవునిపేర కాపాడుకొన్న 'ఓరణ్' వనములు పెక్కు ప్రభుత్వపు లెక్కలలో బంజరులు! రోళ్లపాడు గడ్డినేలలను మనము బీడనియే యంటిమి. నల్లబల్లపై నేను గీచిన బొమ్మయు ఆ మాటనే పిల్లలకు నేర్పినది. ఇప్పుడు ఎడారి పాఠము వచ్చినపుడు ముందుగ జమ్మిని గీయుదును, దాని క్రింద మేకను, పిదప బట్టమేకను. ఒంటెకు చోటు చాలకున్న చాలకపోవుగాక.

పోయిన శీతకాలమున మరల ఆ ఢాణీకి పోతిని. ముసలమ్మకు చూపు తగ్గినది, గొంతు మాత్రము గుర్తుపట్టినది. వాకిటి జమ్మి నా నడుము దాటినది. భోజనమైన పిదప ఎవరును చెప్పకయే అచ్చట చేతులు కడుగుకొంటిని. దూరమున క్రొత్త విద్యుత్తు తీగల వరుస కనబడుచున్నది. పక్షులు చూచి తొలగుటకై వానికి తగిలించిన బిళ్లలు గాలికి గిరగిర తిరుగుచున్నవి.