చెరువు అంచున నీటిబ్రాహ్మి

పరీక్షల కాలం సమీపించగానే నా వద్దకు వచ్చే తల్లిదండ్రులు అడిగే మాట ఒకటే: "అయ్యా, పిల్లవాడికి జ్ఞాపకశక్తి కోసం బ్రాహ్మి ఇవ్వవచ్చునా?" ఇవ్వవచ్చును. అయితే ఆ ఆకు ఏ నీటిలో పెరిగినదో తెలుసుకొని ఇవ్వవలెను. నలభై ఏళ్ళ వైద్యవృత్తిలో ఈ రెండవ మాటను నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

ముందుగా పేరులోని చిక్కు విప్పవలసి ఉన్నది. మన తెలుగునాట సరస్వతి ఆకునే బ్రాహ్మి అని పిలిచేవారు ఎందరో కలరు. సరస్వతి ఆకు మండూకపర్ణి. భారత ఆయుర్వేద ఔషధకోశం బ్రాహ్మిగా గుర్తించినది వేరొక మొక్క; అదే నీటిబ్రాహ్మి. వృక్షశాస్త్రజ్ఞులు దానిని 'బకోపా మొన్నియేరి' అంటారు. రెండూ మేధ్యములే, రెండూ తడినేలను కోరేవే, కానీ రెండూ ఒకటి కావు. మండూకపర్ణి ఆకు గుండ్రనిది. నీటిబ్రాహ్మి ఆకు చిన్నది, గంగవాయిలి ఆకువలె దళసరిది, కాండంపై ఎదురెదురుగా ఉంటుంది. మొక్క నేలను అంటి ప్రాకుతూ కణుపు కణుపునా వేళ్ళు దింపుతుంది. పువ్వు తెల్లగానో, లేత ఊదారంగుగానో ఉంటుంది. నమిలితే నిఖార్సయిన చేదు.

మా గురువుగారి ఇల్లు ఓరుగల్లు ప్రాంతంలో ఒక గొలుసుకట్టు చెరువు దిగువన ఉండేది. గురుకులవాసంలో మొదటి ఏడాది నన్ను గ్రంథం ముట్టనివ్వలేదు. ఆకు కోయుటయే చదువు. తూము దిగువన నీరు సన్నగా ఊరే చోట, మత్తడి ప్రక్కన, వేసవిలో నీరు వెనుకకు తగ్గగా మిగిలిన శిఖం బురదలో బ్రాహ్మి చాపలా పరచుకొని ఉండేది. లోతు నీటిలో అంతగా కనబడేది కాదు, ఎండిన గట్టు మీద అసలే లేదు. నీరు పెరిగి తగ్గే ఆ కొద్దిపాటి అంచే దాని ఇల్లు. గురువుగారు ముందు చెరువు నీటిని పుక్కిలించి చూసేవారు. "తాగరాని నీటి ప్రక్కన మందు తీయరాదు నాయనా" అనేవారు. మూడవ వంతు కోసి తక్కినది వదలమనేవారు. ఆనాడు నాకది చాదస్తంగా తోచింది. సుశ్రుతసంహితలో భూమిప్రవిభాగీయాధ్యాయం చదివాకనే, శ్మశానం, వధ్యస్థానం, పుట్టలు ఉన్న చోట ఓషధిని సేకరించరాదన్న నియమానికీ ఆయన పుక్కిలింతకూ గల సంబంధం బోధపడినది.

ఇక నేటి స్థితి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వారి రెడ్ లిస్టులో నీటిబ్రాహ్మి ప్రమాదపు అంచున ఉన్న మొక్క కాదు. అతి తక్కువ ఆందోళన కలిగించే వర్గంలో ఉన్నది. దానితో నాకు పేచీ లేదు. ఈ మొక్క ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అమెరికా ఖండాల వెచ్చని తడి ప్రదేశాలన్నింటా కలదు. కొంత ఉప్పునీటిని సైతం ఓర్చుకొంటుంది. విరిగిన కొమ్మ ఎక్కడ పడితే అక్కడ నాటుకొంటుంది. అలంకారపు చేపల తొట్టెలలో సైతం దీనిని పెంచుతున్నారు! అయితే ఆ జాబితా చెప్పేది ఒక జాతి లోకం నుండి మాయమగునా, మిగులునా అన్న మాట మాత్రమే. మన ఊరి చెరువులో అది ఉన్నదా, ఉన్నది మందుకు పనికివచ్చునా అన్నవి వైద్యుడు విడిగా వేసుకోవలసిన ప్రశ్నలు.

మన చెరువులకు ఆ అంచే కరువవుతున్నది. శిఖం భూమిలో ఇళ్ళు లేచినవి. కట్టకు రాతి పేర్పు, నడకబాట వచ్చినవి. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ పేరిట పూడికతీత మొదలైనప్పుడు సంతోషించినవారిలో నేనూ ఒకడిని. కానీ నిట్టనిలువుగా తవ్విన ఒడ్డున బ్రాహ్మికి చోటుండదు. మిగిలిన నీటిని గుర్రపు డెక్క కప్పివేస్తున్నది. మరొక విచిత్రం వినండి. చిత్తడి నేలల రక్షణకై 2017లో కేంద్రం చేసిన నియమాలలో సాగునీటి కోసం, తాగునీటి కోసం నిర్మించిన జలాశయాలను చిత్తడి నేలల నిర్వచనం నుండి మినహాయించారు. కాకతీయుల చెరువులు సాగుకోసం కట్టినవే కదా!

అన్నింటికన్న నన్ను కలతపెట్టినది మురుగు. మురుగు చేరిన చెరువులో నీటిబ్రాహ్మి చావదు. మరింత పచ్చగా ఏపుగా పెరుగుతుంది. సీసం, కాడ్మియం, క్రోమియం, పాదరసం వంటి లోహాలను నీటినుండి పీల్చి తనలో నిలువచేసుకొనే గుణం దీనికి కలదని పరిశోధకులు నిరూపించి, మురికినీటి శుద్ధికి దీనిని వాడవచ్చునని కూడా సూచించారు. నీటికి ఉపకారం, రోగికి అపకారం. 2016లో మూర్ఛవ్యాధి గల ఒక పిల్లవాడి కోసం బ్రాహ్మీఘృతం కాస్తుండగా కల్కం నుండి కాలువ వాసన వచ్చింది. ఆకును పరీక్షకు పంపితే సీసం పరిమితిని మించినదని తేలినది. ఔషధంలో సీసం పది లక్షల వంతులలో 10 వంతులు, కాడ్మియం 0.3 వంతు మించరాదు. ఆ నేయిని పారబోశాను. అయితే ఆ వ్యాపారి వద్ద అంతకుముందు ఆరేళ్ళుగా అదే ఆకు తీసుకొంటున్నాను. ఆ నేయి తిన్నవారు ఎందరో నా పుస్తకంలో పేర్లతో సహా ఉన్నారు.

చరకుడు జనపదోద్ధ్వంసం చెప్పిన చోట చెడిన నీటికి లక్షణాలు వివరించాడు: వాసన, రంగు, రుచి, స్పర్శ మారుట, పక్షులు విడిచి వెళ్ళుట. ఆకు కొనే ముందు ఆ చెరువును ఒకసారి చూసి రండి.

చూడలేనివారు ఇంటనే పెంచుకొనవలెను. వెడల్పాటి మట్టి తొట్టెలో శుభ్రమైన ఒండ్రుమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, మూడు నాలుగు కణుపులున్న కొమ్మలు నాటి, మట్టి ఎల్లప్పుడూ తడిగా ఉండునట్లు మంచినీరు పోయండి. నీరు నిలిస్తే వారానికొకసారి మార్చండి, లేకున్న దోమలు చేరును. రెండు మూడు నెలలకు కోతకు వస్తుంది. నాలుగు అంగుళాలు వదలి కోయండి. రైతులకైతే లక్నోలోని సీమ్యాప్ సంస్థ మేలైన రకాలను రూపొందించినది.

పెద్దలకు నీడన ఆరిన చూర్ణం రోజుకు 1 నుండి 3 గ్రాములు, భోజనానంతరం పాలతో గాని నేతితో గాని. పరగడుపున కొందరికి వికారం, విరేచనాలు కలుగును. పిల్లల మోతాదు వైద్యుడు నిర్ణయించవలెను. గర్భిణులు, గుండె నెమ్మదిగా కొట్టుకొనేవారు, థైరాయిడ్ మందులు వాడేవారు అడగకుండా వాడరాదు. మూర్ఛరోగులు వాడుతున్న మందులు ఆపరాదు. పరీక్షకు వారం ముందు ఇచ్చి ఫలితం ఆశించకండి. ఆధునిక పరిశోధనలలో సైతం తరచుగా 12 వారాలు ఇచ్చి చూచినారు.

గురువుగారి చెరువు తూము వద్ద ఇప్పుడు సిమెంటు మెట్లు ఉన్నవి. ఆ గొలుసులోని పై చెరువు మత్తడి క్రింద మాత్రం జానెడు మేర బ్రాహ్మి మిగిలి ఉన్నది. అక్కడి నీరు నేనూ పుక్కిలించి చూశాను. ఐదు కొమ్మలు తెచ్చి పెరటి తొట్టెలలో వేశాను. వైద్యానికి వచ్చినవారికి చీటీతో పాటు రెండేసి కొమ్మలు తడిగుడ్డలో చుట్టి ఇస్తున్నాను.