గుమాస్తాగారి రెండవ ఉగాది

ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయువారికి సంవత్సరాది రెండుమారులు వచ్చును. లోకముతోపాటు వచ్చు ఉగాది ఒకటి. పదోన్నతికై కన్నులు కాయలు కాచునట్లు ఎదురుచూచువారికి మాత్రమే వచ్చు సెప్టెంబరు 1వ తేది మరియొకటి. 1996లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వెలువరించిన రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసుల నియమముల ప్రకారము (విభజనానంతరము తెలంగాణయు వీనినే స్వీకరించినది) ఆ దినము మొదలుకొని మరుసటి ఆగస్టు 31 వరకు గల కాలము ఒక ప్యానెల్ సంవత్సరము. ఆ పండ్రెండు నెలలలో ఎవరెవరు రిటైరగుదురో, ఎవరు పైమెట్టునకు పోవుదురో, ఎన్ని కుర్చీలు ఖాళీయగునో ముందుగా లెక్కకట్టి, సెప్టెంబరు 1 నాటికి అర్హతలన్నియు గలవారిలోనుండి ఆ ఖాళీలకు సరిపడు పేర్లను వరుసగా వ్రాసి యుంచుకొను పట్టికయే ప్యానెల్.

బయటివారు ప్రమోషనును దొరగారి మెచ్చుకోలుగా భావింతురు గాని, లోపలివారికి అది తేదీల లెక్క. ప్రమోషను పొందుటకు ఎవ్వనికిని హక్కు లేదు. తన వంతు వచ్చినపుడు తన పేరును న్యాయముగా పరిశీలింపుమని యడుగుటకు మాత్రము రాజ్యాంగములోని 16వ అధికరణము ననుసరించి ప్రతి యుద్యోగికిని హక్కు కలదు. ఆ వంతును నిర్ణయించునది సీనియారిటీ జాబితా. నోటీసుబోర్డున నాలుగు పిన్నులతో గ్రుచ్చబడి, ఫ్యానుగాలికి రెపరెపలాడుచుండు ఆ కాగితములలో పేరు, పుట్టిన తేది, ఉద్యోగమున చేరిన తేది, నెగ్గిన డిపార్ట్‌మెంటల్ పరీక్షలు, వాని తేదీలు, చివరను రిమార్కులు అను గడులుండును. ఒకే దఫా సర్వీసు కమిషను ద్వారా వచ్చినవారిలో ఎవరు ముందో కమిషను ఇచ్చిన ర్యాంకే చెప్పును. కావున ఇరువది రెండేండ్ల ప్రాయమున వ్రాసిన పరీక్షలో తగ్గిన ఒకటి రెండు మార్కులు రిటైరగునాటి హోదావరకును మనిషిని వెన్నంటి వచ్చుచుండును.

నే నెరిగిన ఇరువురు జూనియర్ అసిస్టెంట్లు జాబితాలో ప్రక్కప్రక్క వరుసలవారు. పెద్దవాడు ప్రమోషనునకు నెగ్గవలసిన అకౌంట్సు పరీక్షను చెల్లెలి పెండ్లి పేరున ఒకమారు, వరికోతల పేరున ఒకమారు వాయిదావేసెను. "పుస్తకము చూచి వ్రాసెడి పేపరే గదా, ఎప్పుడైనను నెగ్గవచ్చును" అనుచుండెడివాడు. (పుస్తకము చూచి వ్రాయు పరీక్షలోనే ఎక్కువమంది తప్పుదురను రహస్యము అనుభవజ్ఞులకు తెలియును, ఏ నియమము ఏ పుటలో నున్నదో తెలియనివాడు పరీక్షాసమయమంతయు పుటలు త్రిప్పుటతోనే సరిపుచ్చును.) చిన్నవాడు మొదటి దఫాలోనే నెగ్గెను. సెప్టెంబరు 1 వచ్చెను. చిన్నవాని పేరు ప్యానెల్‌లో చేరెను, పెద్దవానిది చేరలేదు. మరుసటి యేట పెద్దవాడును సీనియర్ అసిస్టెంటు కాకపోలేదు. కాని పైతరగతిలో సీనియారిటీని అచ్చటికి వచ్చిన తేది ననుసరించి లెక్కింతురు గావున, డిప్యూటీ తహసీల్దారు పదవికి చిన్నవాడే ముందు పోయెను. ఇప్పటికిని అతడు పెద్దవానిని "అన్నా" అనియే పిలుచును. అన్నగారి ఫైలు మాత్రము తమ్ముని సంతకమునకు పోవును.

సబార్డినేట్ సర్వీసులోని సాధారణ పదవులకు ఇట్లు సీనియారిటీయే ప్రధానము. అయోగ్యుడని తేలిననే గాని వరుస తప్పదు. రాష్ట్రసర్వీసు పదవులకు ప్రతిభాసామర్థ్యములు ముందు, అవి ఇంచుమించు సమానమైనపుడే సీనియారిటీ యని నియమము పలుకుచున్నది. ప్రతిభను కొలుచుటకు డి.పి.సి. (డిపార్ట్‌మెంటల్ ప్రమోషన్ కమిటీ) యనబడు కమిటీకి గల ముఖ్యసాధనము వార్షిక రహస్యనివేదిక. ఆ రహస్యము ఎందరి బ్రతుకులను తెలియకుండ కొరికివేసెనో! ఉద్యోగిని గురించి వ్రాసిన ప్రతిమాటను అతనికి తెలుపవలసినదే యని 2008లో దేవ్‌దత్ కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పుట నా దృష్టిలో ఈ శాస్త్రమంతటిలోను మిక్కిలి మేలైన ఘట్టము. ఆరోపణ వచ్చినంతనే ప్రమోషను నాపివేయు వాడుకకును అదే కోర్టు 1991లో జానకీరామన్ కేసున కళ్లెము వేసెను: చార్జిమెమో జారీయైన పిమ్మటనే కమిటీ తన నిర్ణయమును విచారణ తేలువరకు కవరులో పెట్టి సీలు వేయవలెను గాని, అంతకుముందు కాదు.

షెడ్యూల్డు కులములకు, తెగలకు పదోన్నతులలో రిజర్వేషను 1995 నాటి 77వ రాజ్యాంగ సవరణవలనను, దానితో వచ్చు సీనియారిటీ 2001 నాటి 85వ సవరణవలనను స్థిరపడినవి. ఇక తెలుగునేలకే ప్రత్యేకమైన చిక్కు 371-డి అధికరణము, దాని క్రింద వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువులు. జూనియర్ అసిస్టెంటు జిల్లా కేడరువాడు. అతని వరుస ఆ జిల్లావరకే. ఒకేనాడు ఉద్యోగమున చేరినవారిలో ఖాళీలెక్కువగల జిల్లావాడు రెండు మెట్లెక్కునప్పటికి ప్రక్కజిల్లావాడు ఆ కుర్చీలోనే జుట్టు నెరసి కూర్చుండవచ్చును. దీనికి ఎవరిని నిందింపగలము?

మెట్టు దొరకనివారికి కొంత ఊరటగా ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ పథకము కలదు. ఒకే పదవిలో ఆరేసి ఏండ్లు గడచిన కొలది జీతము పెరుగును, హోదా మాత్రము పెరుగదు. దూరపు ఊరికి పోవలసివచ్చునని, పిల్లల చదువులు చెడునని ప్రమోషను వద్దని వ్రాసియిచ్చువారు కొందరుందురు. వారు ఈ ప్రయోజనమును కూడ పోగొట్టుకొందురు. వద్దనువా రొకవైపు, ఎక్కి ఎక్కి ఐ.ఎ.ఎస్. వరకు పోవువా రింకొకవైపు. డిప్యూటీ కలెక్టరుగా ఎనిమిదేండ్ల సర్వీసు నిండినవారి రికార్డులను 1955 నాటి నియమావళి ననుసరించి యు.పి.ఎస్.సి. చైర్మనో సభ్యుడో అధ్యక్షత వహించు కమిటీ పరిశీలించి ఎంపికచేయును. వీరినే కార్యాలయ భాషలో "కన్‌ఫర్డ్ ఐ.ఎ.ఎస్." అందురు.

ఈ వ్యాసము చదువువారిలో గాని, వారి యింట గాని కొత్తగా ఉద్యోగమున చేరినవారుందురేని వారికొక మనవి. తాత్కాలిక సీనియారిటీ జాబితా వెలువడిన దినముననే మీ వరుసను వ్రేలుంచి చదువుడు. పుట్టిన తేది, చేరిన తేది, పరీక్ష నెగ్గిన తేది మీ సర్వీసు రిజిస్టరుతో సరిపోవుచున్నవో లేదో చూచుకొనుడు. పరీక్ష గడి ఖాళీగా నున్నచో గడువు ముగియకమునుపే అభ్యంతరము వ్రాసియిచ్చి, ముట్టినట్లు సంతకము తీసికొనుడు.