‘ఇన్‌ఫ్లామబుల్’ అంటే మండనిది కాదు!

పెట్రోలు ట్యాంకర్ల వెనుక ఎర్రని పెద్ద అక్షరాలతో ‘హైలీ ఇన్‌ఫ్లామబుల్’ అని రాసి ఉండటం నిత్యం చూస్తూనే ఉంటాం. ఆంగ్లం చదువుకున్న వారు సైతం ఈ విశేషణం దగ్గర పొరబడుతుంటారు. ‘కరెక్ట్’కు ‘ఇన్‌కరెక్ట్’, ‘విజిబుల్’కు ‘ఇన్‌విజిబుల్’ వ్యతిరేక పదాలు కనుక ‘ఫ్లామబుల్’కు ‘ఇన్‌ఫ్లామబుల్’ కూడా అంతేనని భావించడం సహజం. వాస్తవానికి ఇవి పర్యాయపదాలు. రెండింటికీ సులభంగా అంటుకుని మండేదనే అర్థం.

ఈ చిక్కు లాటిన్ భాష నుంచి వచ్చింది. అందులో ‘ఇన్’ అనే ఉపసర్గ రెండు రకాలు. ఒకటి ‘కాదు’ అనే అర్థాన్నిస్తుంది. మరొకటి ‘లోనికి’ అనే అర్థంలో వస్తుంది. నిప్పు రాజేయడమనే అర్థం గల లాటిన్ క్రియలో ఉన్నది ఈ రెండోదే. ఇన్‌ఫ్లామబుల్ దాని సంతానం. నిజానికి ఇదే పాత మాట, ఫ్లామబుల్ తర్వాత వచ్చింది. అపార్థం ప్రాణాల మీదికి తెస్తుందని గ్రహించిన అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ 1920 దశకంలో ఫ్లామబుల్‌నే వాడాలని కోరింది. బ్రిటన్ ప్రమాణాల సంస్థ 1959లో అదే బాట పట్టింది. మన రహదారులపై మాత్రం పాత మాట నేటికీ తిరుగుతూనే ఉంది.

మరి వ్యతిరేక పదం? ‘నాన్ ఫ్లామబుల్’ అని రాయాలి. ‘ఫైర్ రెసిస్టెంట్’ అనేది వేరు. అది మంటను కొంతసేపు తట్టుకుంటుందే తప్ప అసలు కాలదని కాదు. ‘కంబస్టిబుల్’ దగ్గరి మాటే అయినా, బొగ్గు, కలప వంటి వాటికి నప్పుతుంది. అంటుకునే తీరును బట్టి 1934 నాటి పెట్రోలియం చట్టం కూడా తరగతులు ఏర్పరచింది. 23 డిగ్రీల సెల్సియస్ లోపే ఆవిరి అంటుకునే పెట్రోలు వంటివి ‘ఎ’ తరగతి, 23 నుంచి 65 డిగ్రీల లోపు అంటుకునే కిరోసిన్, డీజిల్ వంటివి ‘బి’ తరగతి.

చేతులకు రాసుకునే ఆల్కహాల్ శానిటైజర్ సీసాపైనా ఈ రెండు మాటల్లో ఒకటి కనిపిస్తుంది. ఏది ఉన్నా పొయ్యి దగ్గర పెట్టరాదనే అర్థం.

‘ఇన్‌వాల్యుబుల్’ కూడా ఇలాగే తికమక పెడుతుంది. విలువ లేనిదని కాదు, మన ‘అమూల్యం’ లాగే విలువ కట్టలేనిదని. ఇక జనాన్ని రెచ్చగొట్టే ప్రసంగాన్ని ఇన్‌ఫ్లామబుల్ అనరు, ‘ఇన్‌ఫ్లమేటరీ’ అంటారు. వైద్యులు వాపును ఇన్‌ఫ్లమేషన్ అనడమూ ఆ నిప్పు నుంచి వచ్చిందే.