పొగ లేని కుంపటే ముప్పు
చలి ముదరకముందే గీజర్లు, హీటర్లు సరిచూసుకోవడం మేలు

పాడేరు: కార్తీకం వచ్చిందంటే మన్యంలో మంచుతెరలు దిగుతాయి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల, అరకులోయ ప్రాంతాల్లో డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపునకు పడిపోవడం ఏటా చూస్తున్నదే. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో కొన్నేళ్లు అది సున్నా దరిదాపులకు చేరింది. ఈ కాలంలో వెచ్చదనానికి కుంపటి, నెగడు, రూమ్ హీటరు, స్నానపు నీళ్లకు గీజరే ఇంటింటికీ ఆధారం. ఎనిమిది, తొమ్మిది నెలలు మూలన పడి ఉన్న వీటిని చలి వణికించిన రోజున ఉన్నపళంగా వాడటం, గాలి చొరబడకుండా తలుపులు బిగించడం ప్రమాదాలకు తావిస్తున్నాయి.

కనిపించని విషవాయువు

కట్టెలు మండితే పొగ వస్తుంది. కళ్లు మండి, దగ్గు వచ్చి ఇంటివారే తలుపు తీస్తారు. కణకణలాడే బొగ్గులకు పొగ ఉండదు. అందుకే కుంపటిని పడక పక్కన పెట్టుకొని నిద్రపోవడానికి చాలామంది వెనుకాడరు. అసలు ముప్పు ఇక్కడే పొంచి ఉంది. బొగ్గు పూర్తిగా కాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వెలువడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా బలంగా దీనితో కలిసిపోతుంది. దాంతో మెదడుకు, గుండెకు అందవలసిన ప్రాణవాయువు అందదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, నీరసం దీని తొలి లక్షణాలు. మెలకువలో ఉన్నవారు వీటిని గుర్తించి బయటపడవచ్చు. నిద్రలో ఉన్నవారు కళ్లు తెరవకుండానే స్పృహ కోల్పోతారు. పైన బూడిద కమ్మింది కదా, చల్లారిందనుకోవడమూ పొరపాటే. నివురు గప్పిన నిప్పు నుంచీ ఈ వాయువు వస్తూనే ఉంటుంది.

ఇల్లు మారినా అలవాటు మారలేదు

పూరిళ్లలో, పెంకుటిళ్లలో కప్పు సందుల గుండా కొంతైనా గాలి ఆడేది. శ్లాబు ఇళ్లు, అద్దాల కిటికీలు, బిగువైన తలుపులు వచ్చాక ఆ దారులు మూసుకుపోయాయి. పాత ఇంట్లో వాడిన కుంపటినే కొత్త గదిలో వాడితే ముప్పు పెరుగుతుంది. మంచు అందాలు చూసేందుకు వచ్చి గుడారాల్లో బస చేసే పర్యాటకులకూ ఇది వర్తిస్తుంది. గుడారం లోపల బొగ్గులు రాజేయడం ఎంతమాత్రం తగదు. కిటికీ కాస్త తెరిచి ఉంచినంత మాత్రాన పూర్తి భద్రత ఉన్నట్లు కాదు. కుంపటిని ఆరుబయటే వాడి, పడుకునే ముందు బయటే నీళ్లు పోసి పూర్తిగా ఆర్పివేయాలి.

గ్యాస్ గీజరు బయటే ఉండాలి

గ్యాస్ గీజరులోనూ మంట మండుతుంది కాబట్టి ఇదే ప్రమాదం ఉంది. ఇరుకైన స్నానపు గదిలో దీనిని బిగిస్తే మంట గదిలోని గాలిని వాడేసుకొని విషవాయువును వదులుతుంది. గీజరును, సిలిండరును గది వెలుపల గాలి ఆడే చోట అమర్చి, వేడినీటి గొట్టాన్ని మాత్రమే లోపలికి తేవాలి. వెంటిలేటరుకు అట్టలు, గుడ్డలు అడ్డం పెట్టరాదు. మంట నీలంగా కాక పసుపుగా కనిపించినా, మసి పట్టినా వాడకం ఆపి మెకానిక్‌కు చూపించాలి.

విద్యుత్ పరికరాలతో జాగ్రత్త

విద్యుత్ గీజరు నుంచి ఈ వాయువు రాదు. అయితే షాక్, మంటల భయం ఉంటుంది. రెండు వేల వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. 6 ఆంపియర్ల చిన్న సాకెట్ ఆ భారానికి వేడెక్కి కరిగిపోతుంది. అందువల్ల 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగు, లీకేజీ కనిపెట్టి కరెంటు నిలిపివేసే ఆర్‌సీసీబీ ఉండాలి. చలికాలానికి ముందే ఎలక్ట్రీషియన్‌తో థర్మోస్టాట్‌ను, పీడనం పెరిగితే నీటిని వదిలే సేఫ్టీ వాల్వ్‌ను పరీక్షింపజేయాలి. ట్యాంకు అడుగున పేరుకున్న సున్నపు పొరను తొలగించాలి. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ అరిగి ఉంటే మార్పించాలి. వేడినీటి కుళాయిలో నీళ్లు ధారగా వచ్చాకే స్విచ్ వేయాలి.

15 లీటర్ల నీటిని 15 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడిచేయడానికి ఈ గీజరుకు అరగంట లోపే చాలు. ఖర్చయ్యేది ఒక యూనిట్ కంటే తక్కువ. గంటల తరబడి ఆన్ చేసి ఉంచనవసరం లేదు. బకెట్లో వేసే హీటరు కడ్డీని నీటిలో ముంచాకే స్విచ్ వేయాలి. స్విచ్ తీసి, ప్లగ్ ఊడదీశాకే నీటిని తాకాలి. రూమ్ హీటరును పరుపులు, దుప్పట్లు, కర్టెన్లకు కనీసం మూడడుగుల దూరంలో ఉంచాలి. దానిపై బట్టలు ఆరవేయరాదు.

ఎవరైనా పడిపోతే

కుంపటి లేదా గ్యాస్ గీజరు ఉన్న గదిలో ఒకరికి మించి ఒకేసారి తలనొప్పి, వాంతులు వస్తే విషవాయువునే అనుమానించాలి. తలుపులు తెరిచి అందరినీ బయటి గాలిలోకి తీసుకువచ్చి 108కు ఫోన్ చేయాలి. వేలికి తగిలించే సాధారణ ఆక్సీమీటరు ఈ విషప్రభావాన్ని పసిగట్టలేదు. అందులో అంకె బాగానే ఉందని ఊరుకోరాదు. ఆసుపత్రిలో ఆక్సిజన్ అందించడమే ప్రధాన చికిత్స. గదిలో బొగ్గులు వెలిగించిన సంగతి వైద్యుడికి ముందుగానే చెబితే చికిత్సలో జాప్యం తప్పుతుంది.