మురిగిపోబోయిన ఏడు సెలవులు

ఏడాది చివరికొస్తే అందరూ లెక్కలు తీస్తారు. నేనూ తీశా. జిమ్ ఫీజు కట్టింది 12 నెలలకి, వెళ్లింది 12 రోజులు. జనవరిలో కొన్న డైరీ సంక్రాంతి దాటలేదు. ఆఫీసులో మాత్రం 7 సెలవులు మిగిలాయి. డిసెంబరు 31లోపు వాడకపోతే మురిగిపోతాయి!

దాంతో బెంగళూరులో ధర్మవరం రైలెక్కేశా. హిందూపురం దాటాక సీటు దొరికింది. పెనుకొండ రాగానే కోట గుర్తొచ్చింది. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికే మార్చారు. ఇప్పుడేమో ఆ పక్కనే కియా కార్లు తయారవుతున్నాయి. ఓడినా మళ్లీ మొదలెట్టడం మా సీమకి కొత్త కాదులే అని నా డైరీకి ధైర్యం చెప్పుకున్నా.

ఇంటికెళ్లేసరికి నాయన మగ్గంలో ఉన్నాడు.

"ఏమప్పా, ఎన్ని దినాలుంటావు?"

"వారంపైనే నాయనా. సెలవులు వాడకపోతే పోతాయి."

"మరి ఏడాదంతా ఎవరికోసం దాచిపెడితివి?"

జవాబు దొరకలేదు. ఉగాదికీ, వినాయక చవితికీ "పనుంది నాయనా" అన్నది నేనే కదా!

మాట మార్చడానికి కండెలు చుడతానని కూర్చున్నా. పట్టుపోగు మూడుసార్లు తెగింది. "అది కంప్యూటర్ కాదురా!" అని అమ్మ ఒకటే నవ్వు. నాయన మాత్రం మగ్గం ఆపి వచ్చి, తెగిన చోట ముడేసి చూపించాడు.

ఈసారి డైరీ కొనలేదు. కొత్త ఏడాదికి నెలకో శుక్రవారం సెలవు ఇప్పుడే అడిగేశా. మేనేజరు ఒప్పుకోవడమే తరువాయి!