నగలకు కుంకుడు రసం చాలు

బతుకమ్మ దగ్గర పడిందంటే మెదక్‌లో మా అవుసల దుకాణాలకు ఆడవాళ్ల రాక పెరుగుతుంది. పెట్టెలోంచి తీసిన గుండ్లపేరు, పుస్తెలతాడు, బుట్టకమ్మలు రుమాలులో మూటకట్టి తెచ్చి, "చారన్నా, నల్లగైనయి, జర మెరుగు పెట్టియ్యవా" అంటారు. శివరాత్రికి ఏడుపాయల జాతరకు పోయేవాళ్లు, క్రిస్మస్‌కు చర్చికి పోయేవాళ్లు, పెళ్లిళ్ల కాలంలో అందరూ అట్లనే వస్తారు. ఆ నగల్లో సగానికి పైగా నేను తిప్పి పంపుతాను. "మెరుగు అక్కర లేదక్కా, ఇంట్ల కుంకుడు రసంతోని కడుగు, మంచిగైతయి" అంటాను. వచ్చిన పని వద్దనే అవుసలాయన ఉంటాడా అని కొందరు ఆశ్చర్యపోతారు. తాతల నాటి నుంచి కుంపటి ముందు కూర్చున్న ఇంట్లో పుట్టినవాణ్ని. మెరుగు పెట్టిన ప్రతిసారీ నగలోంచి ఏం పోతుందో తెలిసి ఊరుకోలేను.

మెరుగు అంటే మేం చేసేది ఇది. మోటారుకు గుడ్డ చక్రం బిగించి, దానికి మెరుగు మందు రాసి, తిరిగే చక్రానికి నగను ఆనిస్తాం. చక్రం పైపొరను అరగదీస్తుంది. గీతలు పోయి నున్నగా అవుతుంది కాబట్టి నగ వెలుగుతుంది. మరి ఆ అరిగిన పొర ఎక్కడికి పోయింది? గుడ్డలోకి, దుమ్ములోకి, దుకాణం నేల మీదికి. అవుసల బజార్లలో చెత్త ఊడ్చుకుపోయి, కడిగి, అందులోంచి బంగారం తీసి బతికేవాళ్లు దేశంలో చాలా చోట్ల ఉన్నారు. ఆ చెత్తలో దొరికేది ఎవరి మెడలోదో, ఎవరి చేతిదో అయిన బంగారమే.

ఇంకో నష్టం ఈ మధ్య వచ్చింది. 2021 జూలై నుంచి హాల్‌మార్క్ నగల మీద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ కోడ్ వేస్తున్నారు. హాల్‌మార్క్ తప్పనిసరి చేసిన జిల్లాల్లో 2023 ఏప్రిల్ 1 నుంచి, కొన్ని మినహాయింపులు తప్ప, అది లేని నగను దుకాణదారు అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొడితే నగ స్వచ్ఛత, హాల్‌మార్క్ వేసిన కేంద్రం వివరాలు కనిపిస్తాయి. ఇంత విలువైన ఆ గుర్తు చాలా చిన్నది, లోతు లేనిది. మళ్లీ మళ్లీ మెరుగు పెట్టిస్తే అరిగిపోతుంది.

అసలు నగ ఎందుకు నల్లబడుతుంది? బంగారం గాలికి, నీటికి, చెమటకు మారదు. మనం వేసుకునేది 22 క్యారెట్ల బంగారం, అంటే 100 గ్రాముల్లో 91.6 గ్రాములే బంగారం. 916 అని కొట్టేది అందుకే. మిగతా 8.4 గ్రాములు గట్టిదనం కోసం కలిపిన రాగి, వెండి లాంటివి. కాలం గడిస్తే మసకబారేవి అవే, అదీ కొద్దిగానే. మీకు కనిపించే నలుపులో చాలా భాగం పైన పేరుకున్న మురికి: ఒంటి జిడ్డు, కొబ్బరి నూనె, పౌడరు, పసుపు, కుంకుమ, సబ్బు. మన దగ్గర బోరు నీళ్లు చౌడు నీళ్లు. వాటిలోని సున్నం సబ్బుతో కలిసి తెల్లటి మడ్డిగా మారి గొలుసు లంకెల మధ్య, పుస్తెల వెనక గుంటలో అంటుకుంటుంది. మురికి దాని మీద పేరుకుంటుంది. దాన్ని వదిలించడానికి బంగారాన్ని అరగదీయాల్సిన పని లేదు.

పుస్తెలతాడు కడగాలంటే చాలామంది వెనకాడతారు, మెడలోంచి తీయకూడదని. మన ఇళ్లల్లో దానికి మార్గం ఎప్పటి నుంచో ఉంది. పసుపు కొమ్ము కట్టిన దారం మెడలో వేసుకొని, తర్వాత పుస్తెలతాడు తీస్తారు. మా దుకాణానికి రిపేరుకు తెచ్చేవాళ్లూ అట్లనే వస్తారు. కడిగేటప్పుడూ అట్లనే చేయండి.

కుంకుడుకాయలు ఐదారు పగలగొట్టి, గింజలు తీసి, వేడినీళ్లలో నానబెట్టి పిసకండి. రసాన్ని గుడ్డతో వడకట్టండి. పెంకు ముక్కలు ఉంటే గీతలు పడతాయి. రసం గోరువెచ్చగా అయ్యాక నగలు పావుగంట అందులో ఉంచండి. తర్వాత చిన్నపిల్లల మెత్తని బ్రష్‌తో, ఒత్తకుండా, ముఖ్యంగా వెనక వైపు రుద్దండి. కుంకుళ్లు దొరకని ఊళ్లో ఉంటే గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు నీళ్లలో కలిపినా సరే. పని మొత్తం గిన్నెలోనే చేయండి, సింకులో వద్దు. నీళ్లు పారబోసేటప్పుడు టీ జాలి అడ్డం పెట్టండి. శీల ఊడిన కమ్మ, రాలిన రాయి అందులో చిక్కుతాయి. ఆఖరిసారి మాత్రం ఫిల్టరు నీళ్లతో కడగండి, తెల్ల మరకలు రావు. పాత నూలు చీర ముక్కతో అద్ది, ఫ్యాను కింద బాగా ఆరాకే పెట్టెలో పెట్టండి.

టూత్‌పేస్టు, పళ్లపొడి, బూడిద వద్దే వద్దు. పళ్ల మీది పాచిని గీకడానికి వాటిలో సన్నటి గట్టి పొడి ఉంటుంది. 22 క్యారెట్ల బంగారం మెత్తటిది, గీతలు పడతాయి. కడిగిన రోజు మెరిసినట్టే ఉంటుంది, నాలుగు వారాలకు మురికి ఆ గీతల్లో దిగి ముందుకంటే నల్లగా కనిపిస్తుంది. బ్లీచింగ్ పౌడరు ఇంకా చెడ్డది. అందులోని క్లోరిన్, బంగారంలో కలిపిన రాగిని, అతుకుల దగ్గర లోహాన్ని తింటుంది. బాత్రూం కడిగేటప్పుడు ఉంగరాలు, గాజులు తీసేయండి. పాదరసం సంగతి వేరు. పగిలిన థర్మామీటరు దగ్గర, పాదరసం కలిపిన తెల్లబరిచే క్రీముల దగ్గర బంగారం తెల్లగా మారుతుంది. అట్లా అయిన ఉంగరాన్ని స్టవ్ మీద కాల్చకండి, పాదరసం ఆవిరి పీలిస్తే విషం.

ఇప్పుడు నీళ్లలో ముంచకూడని నగల గురించి. నా దగ్గరికి వచ్చే పాడైన నగల్లో ఎక్కువ ఇవే. గుండ్లపేరులోని గుండ్లు పైకి నిండుగా కనిపిస్తాయి గానీ, పలుచని బంగారు రేకు గుల్లలు, లోపల లక్క నింపి ఉంటుంది. వేడినీళ్లు తగిలితే లక్క మెత్తబడి బయటికి కారుతుంది, గుండు సొట్ట పడుతుంది. రంధ్రంలోంచి దిగిన తేమ ఆరక దారం కుళ్లుతుంది. వీటిని తడి పిండేసిన గుడ్డతో ఒక్కో గుండూ తుడిచి, వెంటనే పొడి గుడ్డ అద్దండి.

కుందనం పని నగలు మరీ సున్నితం. రాయి వెనక సన్నని మెరిసే రేకు పెట్టి, అడుగు మూసేసి, చుట్టూ మేలిమి బంగారాన్ని నొక్కి బిగిస్తారు. రాయికి ఆ వెలుగు రేకు వల్లనే. నీళ్లు లోపలికి పోతే రేకు నల్లబడుతుంది, రాయి చచ్చినట్టు అవుతుంది. బాగు చేయాలంటే ఆ పని తెలిసినవాళ్లు రాయి విప్పి మళ్లీ కూర్చాలి. వాళ్లు తగ్గిపోయారు. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న నిజాం నగలు 173. వాటిలో ఎన్నో ఇట్లా అడుగు మూసి, వెనక మీనా (రంగుల గాజు పూత) వేసిన నగలే. తరాలు దాటి నిలిచే పని అది. మీ ఇంట్లో అమ్మమ్మ ఇచ్చిన కుందనం కంటె ఒక్కటున్నా, పొడి మెత్తని గుడ్డ తప్ప ఇంకేదీ తాకనివ్వకండి.

ముత్యం, పగడం రాళ్లు కావు. నీళ్లలో బతికే జీవులు తయారు చేసిన కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం, చింతపండు, వెనిగర్ వాటిని తింటాయి. హైదరాబాద్ పత్తర్‌గట్టీలో కొన్న ముత్యాల దండ మీద సెంటు కొట్టుకున్నా మెరుపు దెబ్బతింటుంది. కాబట్టి సెంటు, పౌడరు అయ్యాక ముత్యాలు వేసుకోండి. ఇంటికి రాగానే ముందు వాటినే తీసి, తడి గుడ్డతో తుడవండి. గట్టిగా మూసిన ప్లాస్టిక్ కవర్లో ఉంచితే అవి ఎండిపోతాయి.

పచ్చలకు లోపల సన్నని పగుళ్లు సహజం. అవి కనపడకుండా నూనె పట్టిస్తారు. వేడినీళ్లు, ఆన్‌లైన్లో అమ్ముతున్న అల్ట్రాసోనిక్ యంత్రాలు ఆ నూనెను లాగేస్తాయి, పగుళ్లు బయటపడతాయి. పగుళ్లలో గాజు నింపిన కెంపులు కూడా బజారులో చాలా ఉన్నాయి. వాటికి నిమ్మరసమే చాలు పాడవడానికి.

వజ్రానికి భయం లేదు. కాకపోతే అది నీళ్లను వదిలి జిడ్డును పట్టుకుంటుంది. దక్షిణాఫ్రికా గనుల్లో జిడ్డు పూసిన బల్లల మీదుగా రాళ్లను నీళ్లతో పారించి, అంటుకున్న వజ్రాలను ఏరేవాళ్లు. మీ ముక్కుపుడక వెనక చేరిన జిడ్డు కూడా ఆ గుణం వల్లనే. కుంకుడు రసంతో వెనక నుంచి కడిగితే మళ్లీ వెలుగుతుంది. వజ్రాన్ని మాత్రం విడిగా పెట్టండి, పక్కనున్న ప్రతి నగనూ గీస్తుంది.

వెండి పట్టీల నలుపు మురికి కాదు. గాలిలోని గంధకం వెండితో కలిసి ఏర్పడిన సల్ఫైడు. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, పట్టీలు దానికి తగిలేలా పెట్టి, చెంచాడు తినే సోడా, కాస్త ఉప్పు వేసి, మరిగిన నీళ్లు పోయండి. గంధకం అల్యూమినియం వైపు పోతుంది, వెండి మీకే మిగులుతుంది. కావాలని నల్లరంగు వేసిన నగలకు, రాళ్లు, మీనా ఉన్నవాటికి ఇది చేయకూడదు. వెండిని రబ్బరు బ్యాండుతో కట్టకండి, రబ్బరులోనూ గంధకం ఉంటుంది.

కడిగే రోజే ఇంకో పని చేయండి. చెవి దగ్గర పెట్టి నగను మెల్లగా ఊపండి, రాయి కదిలితే చప్పుడు వినిపిస్తుంది. కొక్కెం, శీల, అతుకులు చూడండి. నల్లపూసల దారం తెగే ముందే మార్పించండి. ఒక్కో నగ ఫొటో, బరువు, బిల్లు ఒక పుస్తకంలో ఉంచండి. బ్యాంకు లాకరులో పెట్టాం కదా అని వదిలేయకండి. 2022 జనవరి నుంచి ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం లాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత లాకరు ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే.

బరువు రాసి పెట్టుకోమని నేను పట్టుబట్టేది ఎందుకంటే, ఒక పెద్దమ్మ గాజులు నా కాటా మీద బిల్లులో ఉన్నదానికంటే పావు వంతు తక్కువ తూగాయి. ఇంటి ముందుకు వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు మొదట ఇత్తడి చెంబు ఊరికే తోమి చూపించారట. తర్వాత గాజులు అడిగి, ఏదో ద్రవంలో ముంచి, పసుపు నీళ్ల కుక్కర్లో వేసి, అరగంట దాకా మూత తీయొద్దని చెప్పి వెళ్లిపోయారు. ఆ ద్రవం నత్రికామ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపినది. విడిగా ఏ ఒక్కటీ బంగారాన్ని కరిగించలేదు, కలిస్తే కరిగిస్తాయి. ఆ ద్రవంలోంచి వాళ్లు బంగారం మళ్లీ తీసుకుంటారు. మూత తీయొద్దనేది వాళ్లు ఊరు దాటడానికి.

మధ్యాహ్నం వేళ, ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉన్నప్పుడే ఇట్లాంటివాళ్లు తలుపు తడతారు. మీ అమ్మకు, అత్తమ్మకు ఈ సంగతి ఈ రోజే చెప్పండి. ఎంత మర్యాదగా అడిగినా ఒంటి మీది నగ తీసి ఇవ్వొద్దు. తలుపు వేసుకొని 112కు ఫోన్ చేయమనండి.