మరచిన మాట, మూసుకున్న పెట్టె

గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చిన కొడుకు తన పాత లాప్‌టాప్‌ను ఇంట్లో వదిలి వెళతాడు. అది కొన్నేళ్లు బీరువాలోనే ఉండిపోతుంది. చెల్లెలి నికాహ్ ఫోటోలు, అబ్బాజాన్ ఆఖరి ఈద్ నాటి వీడియో అందులోనే ఉన్నాయని ఒకరోజు అందరికీ గుర్తుకొస్తుంది. తీసి మీట నొక్కితే విండోస్ రాకముందే నల్లని తెరపై చిన్న తాళం బొమ్మ, పక్కన ఖాళీ గడి. ఫోన్ చేసి అడిగితే, "ఎప్పుడో పెట్టాను అమ్మీ, ఏం పెట్టానో యాద్ లేదు" అంటాడు కొడుకు.

ఎన్నో కుటుంబాలకు ఎదురయ్యే ఇబ్బంది ఇది. తొందరపడి ఎవరో ఒకరి చేతికి ఇచ్చేస్తే డబ్బూ పోవచ్చు, ఫోటోలూ పోవచ్చు. తాళాలన్నీ ఒకటి కావని ముందుగా గ్రహించాలి.

మూడు రకాల తాళాలు

మొదటిది విండోస్ పాస్‌వర్డ్. తెరపై మన పేరు కనిపించిన తరువాత అడిగేది ఇదే. రెండవది బయాస్ పాస్‌వర్డ్. ఇది యంత్రం తాళం. మీట నొక్కగానే అడుగుతుంది, లేదా సెట్టింగుల్లోకి వెళ్లబోతే అడ్డుకుంటుంది. సెట్టింగులను కాపాడే దానిని సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అంటారు. మూడవది హార్డ్ డిస్క్ పాస్‌వర్డ్. ఇది డిస్క్‌కే వేసిన తాళం.

"లోపలి బ్యాటరీ తీస్తే పాస్‌వర్డ్ పోతుంది" అని చాలామంది చెబుతుంటారు. ఆ మాట డెస్క్‌టాప్ కంప్యూటర్ల నుంచి వచ్చింది. 1984లో వచ్చిన ఐబీఎం ఏటీ కాలం నుంచి కంప్యూటర్ సెట్టింగులను చిన్న బ్యాటరీ బలంతో నిలిచే సీమాస్ మెమరీలో దాచేవారు. తరువాత పాస్‌వర్డ్ కూడా అందులోనే చేరింది. కనుక బిళ్ల బ్యాటరీ తీసి కొంతసేపు ఆగితే చాలా డెస్క్‌టాప్‌లలో అది చెరిగిపోయేది. లాప్‌టాప్ సంగతి వేరు. అది బస్సులో, రైలులో దొంగల పాలయ్యే వస్తువు. అందువల్ల థింక్‌ప్యాడ్ వంటి వాటిలో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్‌ను కరెంటు లేకున్నా చెరగని ఈఈప్రామ్ అనే చిప్‌లో భద్రపరిచారు. బ్యాటరీ తీసినా అది కదలదు. అది మరచిపోతే మదర్‌బోర్డు మార్చవలసిందేననీ, అందుకు కొన్న రసీదు చూపాలనీ థింక్‌ప్యాడ్ పుస్తకాలే స్పష్టం చేశాయి. కొన్ని పాత డెల్ నమూనాలకు మాత్రం, యజమాని ఎవరో రుజువు చూసి, సర్వీస్ ట్యాగ్ అంకెల ఆధారంగా కంపెనీ వారే విడుదల పాస్‌వర్డ్ ఇచ్చేవారు.

ఫోటోలు దక్కుతాయా?

ఇంటివారికి కావలసింది యంత్రం కాదు, అందులోని జ్ఞాపకాలు. తాళం బయాస్‌కు మాత్రమే అయితే నిరాశ అవసరం లేదు. పాత లాప్‌టాప్‌లలో హార్డ్ డిస్క్‌ను కొన్ని మరలు విప్పి బయటికి తీయవచ్చు. దానిని యూఎస్‌బీ అడాప్టర్‌తో మరో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫోటోలు కనిపిస్తాయి. విండోస్ పాస్‌వర్డ్ మరచినా ఇదే మార్గం. బాగా పాత డిస్కులకు ఐడీఈ అడాప్టర్, తరువాతి వాటికి సాటా అడాప్టర్ కావాలి. అయితే డిస్క్‌లోని సమాచారాన్ని బిట్‌లాకర్ వంటి వాటితో గుప్తపరచి ఉంటే దాని రికవరీ కీ, అంటే 48 అంకెల సంఖ్య, ఉండాలి.

హార్డ్ డిస్క్ పాస్‌వర్డ్ అయితే కష్టమే. ఆ తాళం డిస్క్‌తోపాటే వస్తుంది, ఏ కంప్యూటర్‌కు తగిలించినా తెరవదు. ఐదుసార్లు తప్పు కొడితే, కరెంటు తీసి మళ్లీ ఇచ్చేదాకా డిస్క్ మొండికేస్తుంది. పాత అలవాట్లు, పాత ఫోన్ నంబర్లు గుర్తు చేసుకుంటూ నిదానంగా ప్రయత్నించమని కొడుకునే కోరడం మేలు. "చెరిపి తెరుస్తాను" అన్నవారికి ఇవ్వకండి. డిస్క్ తెరుచుకోవచ్చు గానీ అందులో ఏమీ మిగలదు.

పాతది కొనేటప్పుడు

పిల్లల చదువుకని పాత లాప్‌టాప్ కొనే తల్లిదండ్రులు అమ్మేవారి ఎదుటే దానిని ఆన్ చేయాలి. ఎఫ్1 లేదా ఎఫ్2 వంటి మీటతో సెట్టింగుల్లోకి వెళ్లి, పాస్‌వర్డ్ అడుగుతుందేమో చూడాలి. అడిగితే అమ్మేవారి చేతనే తీయించాలి. వారికీ తెలియదంటే, రసీదూ లేదంటే, ధర ఎంత చవకైనా వదిలేయాలి. ఆ తాళం వేసిన అసలు యజమాని తన వస్తువు కోసం ఎక్కడో వెతుకుతూ ఉండవచ్చు. పరాయి సొత్తు పరాయిదే.

చివరగా ఒక్క మాట. ఇంటి పట్టా, బ్యాంకు పుస్తకం ఎక్కడున్నాయో ఇంట్లో ఇద్దరికైనా చెప్పి ఉంచుతాం. పాస్‌వర్డ్‌ను కూడా అలాగే ఒక కాగితం మీద రాసి ఆ పెట్టెలోనే భద్రపరచండి. ఫోటోలకు మరో నకలు తీసి పెట్టండి. మనకు గుర్తున్నంత వరకే కాదు, మనం లేనినాడు కూడా మన పిల్లలు వాటిని చూసుకోగలగాలి.